అదాలత్ దగ్గరి దస్తావేజు రైటరు: నా లెక్కల 5కు 4

ముందుగాల పని సంగతి చెప్త. హన్మకొండ అదాలత్ సెంటర్ నుంచి నడిచిపోయేంత దూరంల, కింద జిరాక్సు దుకాణం, పైన దస్తావేజులు రాసే ఆఫీసు. మెట్లు ఇరుకు, పట్టుకోనీకి రెయిలింగ్ లేదు, మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు జర చూసుకొని ఎక్కాలె. ఒక టేబులు, ఒక కంప్యూటరు, టైపు చేసే పిలగాడు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. అందుల ఒకదానికి కాలు విరిగింది, కూసోకుండ్రి. బోర్డు మీద వీలునామా, గిఫ్టు, పంపకాలు, అఫిడవిట్, జీపీఏ (మన తరఫున పనులు చేయనీకి వేరే మనిషికి ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ) అని వరుసగ రాసుంటది. పెద్దసారుకు అరవై దాటినయి. నుదుట బొట్టు, కండ్లద్దాలకు నల్ల దారం. ఆఫీసు పేరు రాస్తలేను, ఆయన ప్రచారం అడగలే. మా పేర్లు గూడ రాయను, ఎందుకో చదివినంక మీకే తెలుస్తది.

నేను సర్కారు బడిల సోషల్ టీచర్ని. 2006ల ఉద్యోగం వచ్చింది. అదే సంవత్సరం నయీంనగర్ల కిరాయి ఇంట్ల పక్క పోర్షన్ల ఉన్న మనిషితోటి ఇప్పటిదాకా ఒకే ఇంట్ల ఉంటున్న. ఆమె మగ్గం పని చేస్తది. ఈ జిల్లాల ఎంతమంది పెళ్ళికూతుర్ల జాకెట్లు ఆమె చేతి మీదుగ పోయినయో లెక్క లేదు. కాలనీ వాళ్ళకు మేము 'టీచరు, టైలరు'. కొందరికి అక్కచెల్లెండ్లం, ఇంకొందరికి చుట్టాలం. మేము ఎవరినీ దిద్దలే.

ఆషాఢంల పోయినం. పెండ్లిళ్ళు లేవు కాబట్టి ఆమెకు పని తక్కువ, ఆషాఢంల ఇండ్లు ఎవలు రిజిస్ట్రేషన్ చేయించుకోరు కాబట్టి రైటరు దగ్గర గూడ రష్ లేదు. మీరు కూడ వీలునామా పనైతే ఆషాఢంల పోండ్రి. శ్రావణంల పోతే ఆ మెట్ల మీదనే రెండు గంటలు నిలబడాలె.

ఈయన దగ్గరికి రాకముందు ఇంకొక ఆఫీసుకు పోయి దెబ్బతిన్నం. అది ఏదో చెప్పను. అక్కడ కూసున్నాయన మా సంగతి వినంగనే "ఓ, మీ అసొంటోళ్ళకు మా దగ్గర స్పెషల్ అగ్రిమెంటు ఉంది మేడం" అని, వంద రూపాయల స్టాంపు పేపరు మీద సహజీవన ఒప్పందం రాసి, నోటరీ ముద్ర వేసి, "ఇది పెళ్ళి సర్టిఫికెట్ లెక్కనే" అన్నడు. ఎనిమిది వేలు తీసుకున్నడు. నేను సోషల్ చెప్పేదాన్ని, నాకే సిగ్గనిపిస్తది. ఆ రోజు అడగాల్సింది అడగలే. ఎనిమిది వేలు ఇచ్చి బయటికి వస్తుంటె మా ఆమె మొఖంల ఒక వెలుగు చూసిన, ఆ వెలుగు కోసం నోరు మూసుకున్న.

ఆ కాగితాన్నే పెద్దసారు ముందు పెట్టిన. ఆయన అద్దాలు పైకి జరుపుకొని రెండు పేజీలు చదివి, మడతపెట్టి, నా చేతికే తిరిగిచ్చిండు.

"మేడం, ఇందుల ఇద్దరు ఒప్పుకున్నరనే ఉంది. మీరిద్దరు ఒప్పుకుంటె బ్యాంకోడు ఒప్పుకుంటడా, ఆసుపత్రోడు ఒప్పుకుంటడా, మీ అన్నదమ్ములు ఒప్పుకుంటరా? నోటరీ ముద్ర వేస్తె సంతకం మీదే అని రుజువైతది గంతే, పెండ్లి గాదు."

తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకొని, "మీకు ఏం భయమో అది చెప్పండి, ఏం కాగితం గావాల్నో నేను చెప్త" అన్నడు. దుకాణం మీద రివ్యూ రాస్తున్న కాబట్టి చెప్తున్న, ఈ ఒక్క మాటకు మూడు స్టార్లు.

నా భయం ఇల్లు. వడ్డేపల్లి దిక్కు 120 గజాల జాగల రెండు గదులు. లోను నా పేరు మీద, ఎందుకంటె జీతం స్లిప్పు నాకే ఉంది. కిస్తీల సగం ఆమె జాకెట్ల పైసలే, గని ఆ పైసలకు ఎక్కడా రాత లేదు. రేపు నాకేమన్నయితే? పెద్దసారు వేళ్ళ మీద చెప్పిండు. హిందూ వారసత్వ చట్టం, 1956, సెక్షన్ 15. ఆడమనిషి వీలునామా రాయకుండ పోతే ముందు కొడుకులు, బిడ్డలు, భర్త. వాళ్ళు లేకపోతే భర్త వారసులు. ఆ తర్వాత తల్లీదండ్రి. నాకు పెండ్లి లేదు, పిల్లలు లేరు, నాయిన లేడు. అమ్మకు డెబ్బై నాలుగు. అంటె ఇల్లు అమ్మకు, అమ్మ తర్వాత మా అన్నదమ్ములకు. పంతొమ్మిదేండ్లు నాతోటి ఒకే ఇంట్ల ఉండి, వంట చేసి, కిస్తీ కట్టి, గోడకు సున్నం వేసిన మనిషి ఆ వరుసల ఎక్కడ గూడ లేదు. చివరికి గూడ లేదు.

"సగం ఇల్లు ఇప్పుడే ఆమె పేరు మీద గిఫ్టు చేద్దమా?" అని అడిగిన. చెయ్యొచ్చు గని, చట్టం రాసుకున్న కుటుంబ సభ్యులకైతే స్టాంపు డ్యూటీ తక్కువ, బయటి మనిషికైతే ఎక్కువ అన్నడు. ఆపైన ఆదాయపన్ను. చుట్టం కాని మనిషి నుంచి ఏడాదిల 50,000 దాటి ఏది ముట్టినా తీసుకున్నోళ్ళ ఆదాయం కిందికి వస్తదట. భార్యాభర్తలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్లకు అది లేదు. "బయటి మనిషి" అన్నప్పుడు మా ఆమె గోడ మీది క్యాలెండర్ దిక్కు చూసింది. ఆయన గమనించిండు. "చట్టం మాట అమ్మా, నా మాట గాదు" అన్నడు.

జీపీఏ ఆయనే వద్దన్నడు. ఇది అందరికీ పనికొచ్చే ముచ్చట, జాగ్రత్తగ చదవండ్రి. పవర్ ఇచ్చిన మనిషి చనిపోతే ఆ పవర్ గూడ పోతది. మనిషి స్పృహ తప్పి, మతి లేని స్థితిల పడ్డా పోతది. "మీరు ఏ రోజు కోసం అడుగుతున్నరో సరిగ్గ ఆ రోజే అది పనిచెయ్యదు" అన్నడు. బోర్డు మీద జీపీఏ అని రాసిపెట్టుకొని, చేతికొచ్చిన బేరం వదులుకొని, వద్దు అని చెప్పేటోడిని నేను ఈ ఊళ్ళె మొదటిసారి చూసిన.

సరే, వీలునామా. ఇక్కడ ఆయన పనితనం చూడాలె. కంప్యూటరుల తయారుగ ఉన్న నమూనా ఉంది గని, దాన్ని ముట్టలే. తెల్ల కాగితం మీద పెన్నుతోటి రాసి, తర్వాత పిలగాడికి ఇచ్చిండు. "పూర్తి స్పృహలో, స్వస్థ చిత్తముతో, ఎవరి ప్రోద్బలము, బలవంతము లేకుండా వ్రాయించి యిచ్చిన వీలునామా యేమనగా..." దాకా నాకు గూడ తెలిసిన పాటనే. చిక్కు తర్వాత వచ్చింది. ఆమె నాకు ఏమైతది? 'స్నేహితురాలు' అని రాస్తె రేపు మా తమ్ముడు కోర్టుల "దోస్తుకు ఇల్లెందుకు రాస్తది, మాయ చేసి రాయించుకున్నది" అంటడు. 'చెల్లెలు' అని రాస్తె అబద్ధం, అబద్ధం రాస్తె వీలునామా మీదనే అనుమానం వస్తది. 'భార్య' అని రాయనీకి చట్టం లేదు. పేపర్లల్ల వచ్చే ఆ 'స్వలింగ సంపర్కులు' అనే మాట రాస్తనంటె నేనే లేచి వచ్చేదాన్ని. ఆ మాట వింటె ఏదో రోగం పేరు చెప్పినట్టుంటది.

పెద్దసారు పెన్ను నోట్లె పెట్టుకొని చాలాసేపు ఆలోచించిండు. కింద జిరాక్సు మిషను చప్పుడు తప్ప ఏం లేదు. చివరికి రాసిండు: "గత 19 సంవత్సరములుగా నాతో ఒకే గృహమందు నివసించుచు, నా సంపాదనలోను, నా ఆరోగ్య అనారోగ్యములలోను, నా మంచి చెడ్డలలోను సమభాగము వహించుచున్న." చుట్టరికం పేరే లేదు. ఉన్న సంగతి మొత్తం ఉంది. మా ఆమె చదువు ఏడో తరగతి వరకే, ఆమె ఆ లైను కూడబలుక్కొని చదివి, "సంపాదన ముందు రాసిండు చూసినవా" అని నా మోచేతి మీద పొడిచింది. కిస్తీల ముచ్చట అట్ల రాతల ఎక్కింది.

బీమా పాలసీ నంబరు గూడ వీలునామాల ఎక్కించమన్నడు. నామినీ రాసిన కదా చాలనుకున్న నేను. 2015ల బీమా చట్టం సవరించినంక నామినీగ తల్లిదండ్రులు, భార్య, భర్త, పిల్లలు ఉంటెనే ఆ పైసలు వాళ్ళ సొంతమైతయట. వేరేవాళ్ళను రాస్తె వాళ్ళు అందుకోవాలె, వారసులకు అప్పజెప్పాలె. అందుకే వీలునామాల గూడ రాయాలె. పద్దెనిమిదేండ్లు ప్రీమియం కడుతున్న, ఈ ముక్క ఎవలు చెప్పలే.

ఇగ మాకు, పెద్దసారుకు నడిచిన వాదన. పిలగాడు టైపు కొడుతుంటె చాయ్ తెప్పించిండు. చాయ్ మాత్రం నీళ్ళే, దానికి మార్కులు లేవు. తాగుకుంట తనే అన్నడు: "మేడం, మీరు ఏమనుకోకండి. మీ పని నేను మంచిగ చేస్త. గని పెండ్లి అంటె నాకు ఆడ, మగ, అగ్ని. వేరేది నా మనసుకు ఎక్కదు."

నాకు కోపం రాలే, ఎందుకో. బహుశా ముందు పని చూపించి తర్వాత అన్నడు కాబట్టి. "1954 ప్రత్యేక వివాహ చట్టంల అగ్ని ఎక్కడుంది సార్? రిజిస్ట్రారు, ముగ్గురు సాక్షులు, 30 రోజుల నోటీసు. గంతే కదా" అన్న.

"అదే చట్టంల పురుషుడికి 21, స్త్రీకి 18 అని ఉంది. ఇద్దరు స్త్రీలు వస్తె నేను ఫారం ఎట్ల నింపాలె?" రైటరు బుద్ధి చూడండ్రి, ధర్మం నుంచి నేరుగ ఫారంకే వచ్చిండు.

"ఇద్దరికీ 21 రాయండి."

నవ్విండు. "రాసుడు నా చేతుల లేదు. సుప్రీంకోర్టు గూడ మా చేతుల లేదన్నది కదా."

ఆయనకు ఆ కేసు మొత్తం తెలుసు. మా అసొంటి జంటల పెండ్లిని చట్టం ఒప్పుకోవాలె అని, సుప్రియో చక్రబర్తి, అభయ్ డాంగ్ అనే హైదరాబాద్ మగ జంట పేరు మీద నడిచిన కేసు. 2023 ఏప్రిల్ 18 నుంచి పది రోజులు వాదనలు, అక్టోబర్ 17న తీర్పు. ఐదుగురు జడ్జీలు, నాలుగు తీర్పులు, 366 పేజీలు. రాజ్యాంగంల పెండ్లి చేసుకునే ప్రాథమిక హక్కు అని వేరుగ ఏదీ లేదని ఐదుగురూ ఒకటే చెప్పిండ్రు, చట్టం మార్చుడు పార్లమెంటు పని అన్నరు. పెండ్లి కాకపోయినా జంటగ గుర్తించాలె, దత్తత హక్కు ఇయ్యాలె అని చీఫ్ జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అన్నరు. మిగిలిన ముగ్గురు భట్, హిమా కోహ్లి, నరసింహ కాదన్నరు. మూడుకు రెండు. 2025 జనవరిల రివ్యూ పిటిషన్లు గూడ కొట్టేసిండ్రు. హిమా కోహ్లి మన హైకోర్టుకు చీఫ్ జస్టిస్ చేసిన ఆమె, నరసింహ గారు మన తెలుగాయన. అది చెప్పేటప్పుడు పెద్దసారు గొంతుల కొంచెం గర్వం.

ఆ కేసుల కేంద్రం అఫిడవిట్ వేసి, ఇదంతా పట్నాల్ల బాగా బతికినోళ్ళ ఆలోచన అన్నది. దానికి చంద్రచూడ్ గారు తన తీర్పుల, ఇది పట్నం సంగతి గాదు, పల్లెల వ్యవసాయం పని చేసుకునే ఆడమనిషి గూడ కావొచ్చు అని రాసిండు. మా ఆమెది నడికూడ మండలం. పదిహేనేండ్ల వరకు పత్తి ఏరింది, మిరపకాయ ఏరింది. నేను ఆ మాట ఆమెకు చెప్తె, "జడ్జికి నేనెట్ల తెలుసు?" అన్నది. తెలిసి గూడ ఓటు తక్కువ పడ్డది, అది వేరే ముచ్చట.

"పార్లమెంటుకు పోండి మరి" అన్నడు పెద్దసారు.

"మేమెంతమందిమి సార్, ఎవడు అడుగుతడు ఎలక్షన్ల?"

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. కాసేపటికి వేరే దిక్కు నుంచి వచ్చిండు. 1329 ఫస్లీల (నైజాం కాలం లెక్క, అంటె 1919ల) నైజాం తెచ్చిన చట్టం ఒకటి, హిజ్రాలను రిజిస్టరుల ఎక్కించి, ఆడబట్టలు కట్టుకొని తిరిగితె వారంటు లేకుండ పట్టుకునే చట్టం, 2023 జులైల మన హైకోర్టు కొట్టేసింది అని యాద్ చేసిండు. "వందేండ్లు పట్టింది అది పోవుడానికి. మా నాయిన గూడ రైటరే, ఆ చట్టం పుస్తకం మా ఇంట్ల ఉండేది" అన్నడు. నాకు ధైర్యం చెప్పిండో, వందేండ్లు ఆగమన్నడో అర్థం గాలే.

నిజం చెప్పాలంటె రేపు చట్టం వచ్చినా ఆ 30 రోజుల నోటీసు బోర్డు మీద మా పేర్లు ఎక్కనిస్తనో లేదో నాకే తెల్వదు. మా బడి పిల్లల తల్లిదండ్రులు అదే ఆఫీసుకు ఇంటి రిజిస్ట్రేషన్లకు వస్తరు. సద్దుల బతుకమ్మ నాడు వెయ్యిస్తంభాల గుడి దగ్గర మేమిద్దరం ఒకే బతుకమ్మ ఎత్తుకుపోతం, ఎవలు ఏమనరు, ఎందుకంటె దానికి పేరు పెట్టలే. పేరు పెడితె ఏమైతదో. మా ఆమె మాత్రం "బోర్డు మీద ఎక్కాలె, పెద్ద అక్షరాలల్ల ఎక్కాలె, నేనే జాకెట్ కుట్టుకుంట" అంటది. ఇంట్ల గూడ డిబేట్ నడుస్తనే ఉంది అన్నట్టు.

మిగిలిన కాగితాలు జల్దీ చెప్త. ఆసుపత్రి కోసం ముందస్తు వైద్య నిర్దేశం, అంటె మనకు స్పృహ లేనప్పుడు ఏ వైద్యం గావాల్నో, ఏది వద్దో ముందే రాసిపెట్టే కాగితం. సుప్రీంకోర్టు 2018ల ఒప్పుకున్నది, అప్పుడు మేజిస్ట్రేటు దాకా పోవాల్సి ఉండె, 2023 జనవరిల దాన్ని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేకపోతె గెజిటెడ్ ఆఫీసరు సంతకం చాలు. నా తరఫున మాట్లాడే మనిషిగ ఆమె పేరు రాయొచ్చు. మా హెడ్మాస్టరు గెజిటెడ్, ఆయన దగ్గరికే తీసుకపోయిన. రెండుసార్లు చదివిండు. 'సంరక్షకురాలు' అనే దగ్గర వేలు పెట్టి, "చెల్లెనా?" అన్నడు. "కాదు సార్" అన్న. కాసేపు కిటికీలకెళ్ళి గ్రౌండు దిక్కు చూసి, "ముద్ర బీరువల ఉంది, ఆగు" అని లేచిండు. గంతే. పందొమ్మిదేండ్ల సర్వీసుల నేను అంత గట్టిగ ఊపిరి బిగబట్టింది లేదు.

మానసిక ఆరోగ్య చట్టం, 2017 ప్రకారం మన తరఫు ప్రతినిధి ఎవలో తెల్ల కాగితం మీద రాసి సంతకం పెడితె చాలట. అది మీరే రాసుకోండి, దానికి నాకు పైసలెందుకు అన్నడు. జాయింటు అకౌంటు కోసం తన ఫైలుకెళ్ళి ఒక కాగితం తీసి జిరాక్సు ఇచ్చిండు. 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థికశాఖ ఇచ్చిన వివరణ, ఇట్లాంటి జంటలు జాయింటు అకౌంటు తెరువొచ్చు, నామినీ రాసుకోవచ్చు, ఏ అడ్డు లేదని. బ్యాంకుల చూపెట్టిన. కౌంటర్ల ఉన్న పిల్ల చదివి, మమ్ముల చూసి, ఫారం ఇచ్చింది. అసలు ఏ ఇద్దరు మనుషులైనా ఎప్పుడైనా జాయింటు అకౌంటు తెరువొచ్చు, ఆ కాగితం లేకున్నా అయ్యేదే. గని అది చేతుల ఉన్నప్పుడు మనిషి నిలబడే తీరే వేరు.

ఏది కాదో గూడ ఆయనే చెప్పిండు. కుటుంబ పింఛను లాంటివాటికి ఈ కాగితాలు ఏవీ పనికిరావు, అక్కడ భార్య, భర్త అనే మాట ఉండాల్సిందే. "ఇవన్నీ కలిపి కుట్టినా పెండ్లి అంత వెడల్పు రాదు" అన్నడు, మా ఆమె దిక్కు చూసి, ఆమె పని ఏందో తెలుసు కాబట్టి. "బట్టకు పన్నా సరిపోలేదన్నట్టు" అన్నది ఆమె. ఇద్దరు నవ్విండ్రు. నేను నవ్వలే.

ఖర్చు: నా వీలునామా 1,500, ఆమెది 1,000. ఆమెకు మిషన్లు, నాలుగు తులాల బంగారం, ఒక చిట్టీ ఉన్నయి. "నేనే ముందు పోతె?" అని పట్టుబట్టి రాయించింది. వైద్య నిర్దేశాలు ఒక్కొక్కటి 500. మొత్తం 3,500. రిజిస్ట్రేషన్ ఫీజు వేరు. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి గాదు, గని చేయించుకోండి అన్నడు. చేయించుకున్నం. సాక్షులు మీకంటె వయసుల చిన్నోళ్ళు ఉంటె మంచిది, ఆస్తి పొందేటోళ్ళు సాక్షి సంతకం పెట్టొద్దు. మేము మా బడి పీఈటీ సారును, మగ్గం దగ్గర పనిచేసే పిల్లను తీసుకపోయినం. ఆ పిల్ల ఆ 'సమభాగము' లైను చదివి, ఏం అడగకుండ సంతకం పెట్టింది.

ఆధార్ కార్డులు ముందే చూసుకోండ్రి. నా దాంట్ల 'వరంగల్' జిల్లా, ఆమె దాంట్ల 'వరంగల్ అర్బన్', కరెంటు బిల్లుల 'హనుమకొండ'. 2016ల ఒకసారి, 2021ల ఒకసారి సర్కారు మార్చింది. ఇల్లు జరగలే, మేము జరగలే, మూడు జిల్లాలైనయి. ఇది సరి చేయనీకి ఒక అఫిడవిట్, ఇంకో 200.

ఒక స్టార్ ఎందుకు తీసేసిన అంటె, అంత జాగ్రత్తగ చేతితోటి రాసిన పెద్దసారు, టైపు అయినంక సరిగ్గ చూసుకోలే. ఆమె వైద్య నిర్దేశంల ఇంటిపేరు తప్పు పడ్డది. ఆమె ఇంటిపేరు ఉండాల్సిన చోట నా ఇంటిపేరు కొట్టిండు పిలగాడు. నాది నాకు, నాదే ఆమెకు. ఆమె దాన్ని చూసి దిద్దొద్దన్నది, అట్లనే ఉంచుదమన్నది. అట్ల కుదరదు, ఆధార్‌తోటి కలవాలె అని నేనే పట్టుబట్టిన. బుధవారం దిద్ది ఇస్తనన్నడు. రెండు బుధవారాలు పోయినయి. తప్పు పేరున్న కాపీ మాత్రం ఆమె మిషన్ డ్రాయర్ల పెట్టుకున్నది, అడిగితె ఇస్తలేదు.

మధ్యాహ్నం ఒకటి నుంచి రెండున్నర దాకా షటర్ దించుతరు. ఆదివారం సెలవు. చిల్లర తీసుకపోండ్రి.